ఇంటి నుంచి డైరెక్ట్ సెల్లింగ్: మొదటి నెలే 15 వేల సరుకు తీసుకోమంటున్నారు, ఏమేం చూసుకోవాలి?

మున్నేరువాగు:
మాది ఖమ్మం. మాకు వదిన వరసయ్యే ఆవిడ ఒక డైరెక్ట్ సెల్లింగ్ (కొట్టు లేకుండా ఇళ్లకే నేరుగా అమ్మే) కంపెనీలో ఉన్నారు. గిన్నెల లిక్విడ్, బట్టల లిక్విడ్, టూత్‌పేస్ట్, మొహం క్రీములు, ప్రోటీన్ పౌడరు, విటమిన్ మాత్రలు అమ్ముతారు. నన్నూ చేరమంటున్నారు. చేరడానికి ఫీజు లేదు గానీ, మొదటి నెల 15 వేల సరుకు ఎత్తితే నేరుగా పై స్లాబులోకి, అంటే ఎక్కువ బోనస్ వచ్చే మెట్టులోకి వెళ్లిపోవచ్చట. ఎమ్మార్పీ మీద మనకు 20 శాతం తగ్గింపు, ఆపైన, ఎత్తిన సరుకుకు వచ్చే పాయింట్లను బట్టి బోనస్.

పిల్లలు బడికి వెళ్లాక రోజుకు మూడు గంటలు దొరుకుతాయి. చేతిలో 20 వేలున్నాయి. ఖర్చులు పోను నెలకు 6 వేలు మిగిలితే చాలు. కంపెనీ సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి? ఎంత సరుకుతో మొదలుపెట్టాలి? జీఎస్టీ లాంటివి ఏమైనా కావాలా? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి. "పదిమందిని చేర్పించు, అదే వస్తుంది" అనే జవాబులు మాత్రం వద్దండి.

చిల్లరఖాతా:
ముందు 6 వేల లెక్క చూద్దామండి. ఎమ్మార్పీ 500 ఉన్న వస్తువు మీకు 400కి వస్తుంది, వంద మిగులుతుంది. పెట్రోలు, ఫోను, శాంపిళ్లు, కారిపోయినవి, రాని బాకీలు అన్నీ కలిపి నెలకు ఎంత తక్కువన్నా 1,500 నుంచి 2,000 అవుతాయి. అంటే చేతిలో 6 వేలు మిగలాలంటే 8 వేల మార్జిన్ రావాలి. 20 శాతం చొప్పున అది 40 వేల ఎమ్మార్పీ అమ్మకం. గిన్నెల లిక్విడ్, బట్టల లిక్విడ్, పేస్ట్ మూడూ మీ దగ్గరే తీసుకునే ఇల్లు నెలకు 800 నుంచి 1,000 వరకు కొంటుంది. కాబట్టి మీకు కావాల్సింది ప్రతి నెలా తప్పకుండా కొనే 40 నుంచి 50 ఇళ్లు. మొహమాటానికి ఒకసారి కొని మానేసే ఇళ్లను ఇందులో కలపకండి.

రోజుకు మూడు గంటలతో మొదటి మూడు నెలల్లో 12 నుంచి 15 ఇళ్లు నిలబడితే మంచి ఆరంభమే. 6 వేలు మొదటి ఏడాది చివర్లో వస్తుందనుకుని దిగండి, మొదటి నెల నుంచే వస్తుందనుకోవద్దు. బోనస్‌ను ఈ లెక్కలో వేయకండి. వస్తే రానివ్వండి.

ఇప్పుడా 15 వేల సరుకు సంగతి. మీ ధరకు 15 వేలంటే ఎమ్మార్పీలో 18,750. పన్నెండు ఇళ్లకు తలా 900 అమ్మినా నెలకు పోయేది 10,800. అదీ అన్ని వస్తువులూ సమానంగా కదలవు. లిక్విడ్లు, పేస్టులు అయిపోతాయి, క్రీములు, పౌడరు డబ్బాలు బీరువాలో ఉండిపోతాయి. గడువు దగ్గరపడ్డాక వాటిని సగానికి ఇచ్చేస్తే మిగతావాటి మీద వచ్చిన లాభం అక్కడే పోతుంది. స్లాబ్ కోసం సరుకు ఎత్తడం ఈ పనిలో డబ్బు పోయే అతి పెద్ద దారి. నెలాఖరున "ఇంకా 60 పాయింట్లే తక్కువ" అని ఫోన్ వస్తుంది. ఆ 60 పాయింట్లకు 6 వేలు పెట్టి 1,200 బోనస్ అందుకుంటే, చేతి నుంచి 4,800 పోయినట్టే, ఆ సరుకు అమ్ముడయ్యేదాకా.

4 వేలకు మించకుండా మొదలుపెట్టండి. గిన్నెల లిక్విడ్ మూడు, బట్టలది రెండు, పేస్టులు ఆరు, ఇవి చాలు. ఒక్కొక్కటి విప్పి మీ ఇంట్లోనే వాడండి, చూపించడానికి అదే ఉంటుంది. క్రీములు, పౌడర్లు, మాత్రలు ఆర్డరు ఇచ్చి డబ్బు ముందే ఇచ్చినవాళ్లకు మాత్రమే తెప్పించండి. మిగిలిన 16 వేలలో చేయి పెట్టకండి. డ్వాక్రా అప్పు తెచ్చి సరుకు ఎత్తడం అసలే వద్దు. సరుకు పోయినా పోకపోయినా వాయిదా ఆగదు.

రూల్‌బుక్:
కంపెనీని చూసుకునే పద్ధతి చెప్తాను. ఈ వ్యాపారానికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి: వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్) నిబంధనలు, 2021. ఆ ఏడాది డిసెంబరు 28న నోటిఫై చేశారు. పిరమిడ్ పథకాలు (కొత్తవాళ్లను చేర్చినందుకే పైవాళ్లకు డబ్బు వచ్చేవి), మనీ సర్క్యులేషన్ పథకాలు (సభ్యులను చేర్పిస్తే డబ్బు వస్తుందని ఆశచూపేవి) నడపకూడదని, వాటిలో ఎవరినీ చేర్చకూడదని అందులో స్పష్టంగా ఉంది. మనీ సర్క్యులేషన్ మీద 1978 నాటి కేంద్ర చట్టం కూడా ఉంది. చేరినందుకు రుసుము ఉండకూడదని, అమ్ముకోగలిగినదానికి మించి సరుకు కొనిపించకూడదని 2016 మార్గదర్శకాల్లోనే రాశారు. కాబట్టి మీ వదినగారు చెప్పిన "15 వేలు" కంపెనీ షరతా, లేక ఆవిడ పై వాళ్లు, అంటే ఆవిడను చేర్చినవాళ్లు పెట్టిన ఒత్తిడా అన్నది ముందు తేల్చుకోండి. కంపెనీ షరతే అయితే ఇక ఆలోచించక్కర్లేదు, వదిలేయండి.

కంపెనీ వెబ్‌సైట్ తెరవండి. ఇండియాలో రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను, మెయిలు ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 పని గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ఆ నంబరుకు నిజంగా ఒకసారి ఫోన్ చేసి, "చేరాక మానేయాలంటే కూలింగ్ ఆఫ్ (మనసు మార్చుకుని తప్పుకునే గడువు) ఎన్ని రోజులు, విప్పని సరుకు వెనక్కి తీసుకుంటారా, ఎంత కోస్తారు" అని అడగండి. జవాబు మెయిల్లో తెప్పించుకోండి. మీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. అది చదవకుండా ఓటీపీ చెప్పకండి. చాలామందికి ఖాతాను పై వాళ్లే వాళ్ల ఫోన్లో తెరుస్తారు, పాస్‌వర్డ్ కూడా వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. తర్వాత మీ పేరు మీద సరుకు ఎత్తినా మీకు తెలియదు. మీ ఫోను, మీ మెయిలు, మీ బ్యాంకు ఖాతాతోనే తెరవండి.

చివరగా ఈ ఒక్క ప్రశ్న వదినగారిని అడగండి: "నా కింద ఒక్కరూ చేరకుండా, నేను ఇరవై వేల సరుకు బయటివాళ్లకు అమ్మితే నాకెంత వస్తుంది?" కాగితం మీద లెక్క వేసి చూపించగలిగితే మాట్లాడుకోవచ్చు. మాట మళ్లీ "ముందు ఇద్దర్ని చేర్చు" దగ్గరికే వస్తే అక్కడ అసలు సరుకు మనుషులే.

మీకూ కొన్ని బాధ్యతలున్నాయి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా ఫోన్ చేసి సరేననిపించుకోకుండా ఎవరింటికీ అమ్మకానికి వెళ్లకూడదు. వెళ్లగానే మీ పేరు, కంపెనీ పేరు, వచ్చిన పని చెప్పాలి. ధర, వాపసు పద్ధతి చెప్పి, రసీదు ఇవ్వాలి. "నువ్వు ఇంకో ఇద్దరి చేత కొనిపిస్తే నీ డబ్బు నీకు వచ్చేస్తుంది" అని చెప్పి అమ్మడం నిబంధనలకు విరుద్ధం. అందరూ అదే చెప్తున్నారు కదా అని మీరూ అనకండి.

బెజవాడ_ఆడిటర్:
పన్నుల మాట. ఈ పనిలో మీకు వచ్చేది రెండు రకాల ఆదాయం: సరుకు కొని అమ్మితే మిగిలే మార్జిన్, కంపెనీ ఇచ్చే కమీషన్ లేదా బోనస్. రెంటికీ వేర్వేరు పద్ధతులు, అందుకే వేర్వేరుగా రాసుకోండి.

కమీషన్ మీద కంపెనీ టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను కోస్తుంది. 2024 అక్టోబరు నుంచి అది 2 శాతం, అంతకుముందు 5. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. మీకు పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. గృహిణులు చాలామంది రిటర్ను వేయక ఏటా దీన్ని వదిలేసుకుంటున్నారు. ఇంకో చిక్కు: చిన్న వ్యాపారులకు ఉన్న అంచనా ఆదాయ పద్ధతి, అంటే అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపించడం (1961 చట్టంలో 44ఏడీ), కమీషన్ ఆదాయానికి వర్తించదు. తెలియక దానిలోనే చూపిస్తుంటారు. ఖర్చుల బిల్లులు దాచుకుని అసలు లాభమే చూపించాలి.

విదేశీ యాత్ర, కుక్కర్, బంగారు నాణెం లాంటి బహుమతులు కూడా ఆదాయమే. ఏడాదిలో వాటి విలువ 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కట్టాలి. "ఉచిత బ్యాంకాక్" అన్నప్పుడు ఆ మాట కూడా అడగండి.

చిల్లరఖాతా:
ఏడాది అమ్మకం 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా ఆడిటరు గారూ? ఆవిడకు ఆ గొడవే ఉండదు.

బెజవాడ_ఆడిటర్:
అక్కడే పొరబడుతున్నారండి. సరుకుల మీద 40 లక్షల పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, తెలంగాణలో 20 లక్షలే. ఆవిడది ఖమ్మం. పైగా ఆంధ్రలో కూడా 40 లక్షలు కేవలం సరుకు అమ్మేవారికే. కమీషన్ అంటే సేవ కింద లెక్క, అది కలిస్తే అక్కడా 20 లక్షలే. ఆవిడ అనుకుంటున్న స్థాయికి ఇది దూరమే గానీ, ఇంకొక దారిలో తగులుకుంటుంది. బెంగళూరులో ఉన్న చెల్లెలికో, స్నేహితురాలికో మీ దగ్గరున్న సరుకు కొరియర్లో అమ్మితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. సరుకు అలా అమ్మాలంటే ఎంత చిన్న మొత్తమైనా రిజిస్ట్రేషన్ కావాలి. దూరంవాళ్లకు మీ లింకు పంపి కంపెనీ నుంచే నేరుగా తెప్పించుకోమనండి, బిల్లు కంపెనీదే ఉంటుంది.

ప్రోటీన్ పౌడరు, విటమిన్ మాత్రలు ఆహారం కిందికి వస్తాయి. అవి అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోండి. చిన్న అమ్మకందారుకు ఏడాదికి 100 రూపాయలు, ఆ సంస్థ ఫాస్‌కాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయొచ్చు.

మున్నేరువాగు:
అందరికీ థాంక్సండి. వదిన్ని అడిగాను. 15 వేలు కంపెనీ షరతు కాదట, వాళ్ల లీడర్ గారి "సలహా" అట. 4 వేలతోనే మొదలుపెడతాను. ఇంకో రెండు సందేహాలు. గిన్నెల లిక్విడ్ "ఖరీదెక్కువ, పదిహేను రోజులకే అయిపోయింది" అని పక్కింటి ఆంటీ అంటున్నారు. ఆవిడ వదిన దగ్గర కొన్నారు. రెండోది, షుగరు ఉన్నవాళ్లు మాత్రల గురించి అడిగితే ఏం చెప్పాలి?

సరుకులగది:
లిక్విడ్ సంగతి ముందు చెప్తానక్కా, ఎందుకంటే ఈ వస్తువుల్లో కస్టమర్లు నిలబడేదీ పోయేదీ ఇక్కడే. అవి గాఢంగా ఉండే లిక్విడ్లు. సీసా మీద నీళ్లు ఎన్ని పాళ్లు కలపాలో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. నేరుగా స్క్రబ్బర్ మీద పోసుకుంటారు. ఉదాహరణకు లీటరు 480 రూపాయలు, ఒకటికి నాలుగు పాళ్లు నీళ్లు అనుకోండి. అయిదు లీటర్లు అవుతుంది, లీటరు 96 పడుతుంది. కలపకుండా వాడితే లీటరు 480. ఆంటీ తప్పేం లేదు, అమ్మినవాళ్లు చూపించలేదు.

అమ్మేటప్పుడే అరలీటరు ఖాళీ పిచికారీ సీసా ఒకటి తీసుకెళ్లి, 400 మిల్లీలీటర్ల దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. గీత దాకా నీళ్లు, పైదాకా లిక్విడ్. ముందు నీళ్లు పోస్తే కలుస్తుంది, తర్వాత పోస్తే నురగ పొంగి సీసా నిండదు, కాబట్టి లిక్విడ్ చివర్లో పోయించండి. వారానికి సరిపడానే కలపమనండి. నీళ్లు కలిశాక చెడకుండా ఆపే మందు కూడా పలచబడుతుంది, ఎక్కువ రోజులుంటే వాసన వస్తుంది. ఆంటీ దగ్గరికి ఇప్పుడే వెళ్లి ఇది చేసి చూపించండి, ఏమీ అమ్మకుండా.

షుగరు విషయంలో ఒక్కటే జవాబు: "ఇది మందు కాదండి, మీ డాక్టరు గారికి డబ్బా మీది వివరాలు చూపించి అడగండి." షుగరు తగ్గుతుంది, క్యాన్సరు పోతుంది అని ప్రచారం చేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినా ప్రచారమే. మీ పై గ్రూపులో వచ్చే "ముందు, తర్వాత" ఫొటోలు ఫార్వర్డ్ చేయకండి, కంపెనీ ఆమోదించని కాగితం ఏదీ పంచకూడదు. గర్భిణులకు, రక్తం పలచబడే మందులు వాడేవారికి డాక్టరు సరేననే దాకా అమ్మకండి. ఎవరైనా షుగరు మాత్రలు ఆపేసి ఇవి వేసుకుంటామంటే అమ్మకం వదులుకోండి. ఆ డబ్బు మనకొద్దు.

క్రీములకు ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడమనండి. దద్దురో మంటో వస్తే అక్కడే తెలిసిపోతుంది.

ఇక సరుకు దాచడం. ఖమ్మం ఎండలు మీకు చెప్పాలా! అటక మీద పెట్టకండి, స్లాబు వేడి నేరుగా దిగుతుంది. మే నెలలో సాఫ్ట్‌జెల్ మాత్రలు ఒకదానికొకటి అంటుకుంటాయి, క్రీము నూనె విడిపోతుంది, లిప్‌స్టిక్ వంగిపోతుంది. స్కూటీ డిక్కీలో గంట ఉన్నా అంతే. కింద అరలో, గోడకు ఆనకుండా, గడువు దగ్గరున్నది ముందు వరసలో పెట్టండి. వేసవిలో డెలివరీ ఉదయం పదిలోపే.

మళ్లీ కొనేలా చూడటానికి ఒక్క నోటు పుస్తకం చాలు. అమ్మిన రోజే ఆ ఇంట్లో ఎంతమంది, వస్తువు ఏ తేదీకి అయిపోతుంది అని రాయండి. నలుగురున్న ఇంట్లో 200 గ్రాముల పేస్టు సుమారు నెల వస్తుంది. ఆ తేదీకి అయిదు రోజుల ముందు ఫోన్ చేయండి. అయిపోయాక చేస్తే అప్పటికే కిరాణా కొట్టులో వేరేది కొనేసి ఉంటారు. బ్యాచ్ నంబరు కూడా రాస్తే వాపసు రోజున వెతుక్కోనక్కర్లేదు. ఫోన్లకు పదకొండు నుంచి ఒంటిగంట మంచి సమయం. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక లిస్టుకు 256 మందే, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కాబట్టి మొదటి అమ్మకం రోజునే వాళ్ల ఫోన్లో మీ నంబరు సేవ్ చేయించండి.

అరువు గురించి: ఒక ఇంటికి ఒక వస్తువు బాకీ, అది తీరాకే రెండోది. చుట్టాలకైనా అంతే. వదినగారి పేరు చెప్పి వచ్చేవాళ్లే ఎక్కువ బాకీ పెడతారు, అక్కడే గట్టిగా ఉండాలక్కా.

రూల్‌బుక్:
ఒకటి మర్చిపోయాను. సరుకు మీద, వాపసు మీద కంపెనీ నెలలోపు తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఫిర్యాదు పెట్టినప్పుడు కంపెనీ ఇచ్చిన టికెట్ నంబరు దగ్గర పెట్టుకోండి, మొదట అదే అడుగుతారు.