బిస్ట్రోని ‘పూటకూళ్ళిల్లు’ అనవచ్చా?

ప్రశ్న: ఫిలడెల్ఫియాలో బాగా పేరున్న ఫ్రెంచ్ బిస్ట్రో (ఫ్రెంచివాళ్ళ మామూలు భోజనశాల) ‘పార్క్’ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. బిస్ట్రోకి ‘పూటకూళ్ళిల్లు’ అని రాస్తే చదివినవాళ్ళు నప్పలేదంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మాట మంచిదే తెచ్చారండీ. పూటకి కూడు పెట్టే ఇల్లు, ఎంత ముచ్చటైన సమాసం! పాత తెలుగు నాటకం క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ పద్యం గుర్తుందా? లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూక ఇస్తే కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకునేవి నాలుగైదు, గడ్డపెరుగు. ఇంత డబ్బుకి ఇంత భోజనం అన్నమాట. ఫ్రాన్సులో ‘మెన్యూ’ అంటే ఇప్పటికీ ఇదే అర్థం, పదార్థాల పట్టిక కాదు.

ఇంకో పోలిక నాకు మరీ నచ్చుతుంది. 1880ల్లో ఫ్రెంచిలో బిస్ట్రో అనే మాట కనబడినప్పుడు దాని అర్థం కొట్టు కాదు, సారా, వైను అమ్మే మనిషి. తర్వాత కొట్టుకి ఆ పేరొచ్చింది. మనకీ పూటకూళ్ళమ్మ లేకుండా పూటకూళ్ళిల్లు గుర్తురాదు కదా.

ప్రశ్న: 1814లో పారిస్‌కి వచ్చిన రష్యన్ సైనికులు ‘బిస్త్రా, బిస్త్రా’ (త్వరగా, త్వరగా) అని అరిచారనీ, అందుకే ఆ పేరనీ విన్నాను?

జవాబు: పారిస్‌లోని మోమార్త్ర్‌లో ఒక హోటల్ గోడకి ఆ కథ చెక్కిన పలక కూడా ఉంది. కానీ సైనికులు వెళ్ళిపోయాక డెబ్బై ఏళ్ళ దాకా ఆ మాట ఎక్కడా రాతలోకి రాలేదు. అందుకే నిఘంటుకారులు నమ్మరు. వ్యాసంలో పెట్టకండి.

ఇక మీ ‘పార్క్’. అది రెస్టారెంట్ల యజమాని స్టీఫెన్ స్టార్ 2008లో రిటన్‌హౌస్ స్క్వేర్ అనే పార్కు ఎదురుగా తెరిచినది. పేరు కూడా ఆ ఎదుటి పార్కుదే. నేను వెళ్ళాను. ఎర్ర గుడ్డ పందిరి కింద, పేవ్‌మెంట్ మీద కుర్చీలన్నీ చెట్లవైపు తిప్పి ఉంటాయి. ఉల్లిపాయ సూప్ గిన్నె మీద చీజ్ అట్ట కట్టి, అంచుల్లో మాడి, చెంచాతో గుచ్చితే పొగలు కక్కింది. ఎంత బాగుందో! కానీ అది పెద్ద హోటల్. ఒక గది, ఒక పొయ్యి, ఇంటావిడ వడ్డన అనే చిత్రం ‘పూటకూళ్ళిల్లు’ అనగానే మనసులోకి వస్తుంది, అక్కడ అదేదీ లేదు. అమెరికాలో బిస్ట్రో అన్నది ఇంటిలాంటి చిన్న చోటుకి కాదు, పారిస్ వీధి వాతావరణానికి పేరు. మీ పాఠకులకి నప్పనిది అదే.

కాబట్టి ‘బిస్ట్రో’ అనే ఉంచండి. పారిస్ సందుల్లోని పాత బిస్ట్రోల ప్రస్తావన వచ్చినచోట మాత్రం పూటకూళ్ళిల్లు నిస్సంకోచంగా వాడండి.

ప్రశ్న: సరేనండీ, మార్చేస్తాను. ‘ఆంట్రే’కి ‘మొదటి వంటకం’ అని రాశాను, అదైనా సరిపోతుందా?

జవాబు: ఫ్రాన్సులో అయితే సరిపోతుంది. అమెరికాలో ఆంట్రే అంటే అసలు భోజనమే. ఫిలడెల్ఫియా వ్యాసం కదా, ‘ప్రధాన వంటకం’ అని మార్చండి.