అన్నిటికీ "హ్యాక్ అయింది" అంటే ఎలా? సరైన పేర్లు కావాలి

కపిలతీర్థం_డెస్క్:
తిరుపతి లాడ్జీల కోసం ఒక పేజీ నోటీసు రాస్తున్నా. మూడు సందర్భాలకు పేర్లు చెప్పండి. లాడ్జి పేరుతో ఇంకెవరో సైటు పెట్టి యాత్రికుల దగ్గర అడ్వాన్సు లాగేయడం; బిల్లింగ్ కంప్యూటర్లో ఫైళ్లు తెరుచుకోక, డబ్బు కట్టమని నోట్ రావడం; బుకింగ్ సైటు గంటల తరబడి లోడ్ కాకపోవడం.

పుత్తూరు_లాన్:
మొదటిది ఫిషింగ్. లాడ్జి సర్వర్‌ను ఎవరూ ముట్టుకోలేదు, పేరూ ఫొటోలూ కాపీ కొట్టారంతే. "హ్యాక్" అని రాస్తే మీ సర్వర్ లాగులు (రాకపోకల రికార్డులు) వెతుకుతూ కూర్చుంటారు, దొంగ సైటు నడుస్తూనే ఉంటుంది. ఫిర్యాదులో ఆ సైటు పూర్తి అడ్రసు, స్క్రీన్‌షాట్లు, యూపీఐ చెల్లింపు 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు ఉండాలి. డబ్బు పోయినవాళ్లు ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఖాతాలు మారేకొద్దీ ఆపడం కష్టం. ఎస్ఎంఎస్‌లో లింకు వస్తే స్మిషింగ్, ఫోన్ చేసి ఓటీపీ అడిగితే విషింగ్.

ఇంకోటి, అడ్రసును వెనక నుంచి చదవమని పెద్దక్షరాల్లో వేయండి. టీటీడీది "టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్". దొంగది కూడా "టీటీడీ" అనే మొదలవుతుంది, చివర్లోనే దొరికిపోతుంది.

చిత్తూరు_సర్వర్:
రెండోది రాన్సమ్‌వేర్. వైరస్, వర్మ్ (తనంతట తానే పాకేది), ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్‌లా నటించి దూరేది) అనేవి ఎలా వచ్చిందో, ఎలా పాకిందో చెప్పే పేర్లు. రాన్సమ్‌వేర్ అనేది వచ్చాక ఏం చేసిందో చెప్పే పేరు. 2017 మే నాటి వానాక్రై రెండూను: ఎవరూ ఏమీ నొక్కకుండానే పోర్టు 445 (విండోస్ ఫైల్ షేరింగ్ దారి) గుండా పాకిన వర్మ్, ఫైళ్లకు తాళం వేసిన రాన్సమ్‌వేర్. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోని మెషీన్లు దొరికిపోయాయి.

ముందు లాన్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. "వైరస్సే కదా" అని స్కాన్ పెట్టి ఊరుకుంటే ఈలోపు షేర్డ్ ఫోల్డర్లూ పోతాయి. బ్యాకప్ హార్డ్ డిస్క్ తగిలించారో, అదీ పోతుంది. ఆ నోట్‌నూ, తాళం పడ్డ ఒక ఫైలునూ దాచండి, రకం గుర్తుపట్టేది వాటితోనే. 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సంస్థలు 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి.

కపిలతీర్థం_డెస్క్:
మూడోది డీడాస్, అంటే చాలా చోట్ల నుంచి ఒకేసారి రిక్వెస్టులు కుమ్మరించి సైటును పడగొట్టే దాడి, అనుకోవచ్చా అన్నా?

పుత్తూరు_లాన్:
యాక్సెస్ లాగ్ (సైటుకు ఎవరెవరు వచ్చారో సర్వర్ రాసుకునే రికార్డు) చూడకుండా అనొద్దు. 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలైన పూట మామూలు రద్దీకే చిన్న సర్వర్ పడిపోవచ్చు. యాత్రికుడైతే మొదటి పేజీ, ఫొటోలు, గది రేటు, పేమెంట్ అని వరుసగా తెరుస్తాడు. వందల ఐపీల (ఇంటర్నెట్ చిరునామాల) నుంచి ఒకే పేజీకి, ఫొటోలైనా అడక్కుండా, ఆగకుండా రిక్వెస్టులు పడుతుంటే డీడాస్. ఒక్క ఐపీ నుంచే అయితే డాస్, ఫైర్‌వాల్‌లో దాన్ని బ్లాక్ చేస్తే సరి. ఏదైనా "డేటా పోయింది" అని మాత్రం రాయొద్దు. యాత్రికుల ఆధార్ కాపీలు బయటికి వెళ్లాయని తేలితేనే డేటా బ్రీచ్ అనాలి.