అప్‌డేట్: డిప్‌స్టిక్‌ (ఆయిల్ కొలిచే కడ్డీ)లో ఆయిల్ లెవెల్ పెరగడానికి కారణం దొరికింది

నా డీజిల్ కారులో ఇంజిన్ ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోందని, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైట్ వెలుగుతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. డిప్‌స్టిక్ వాసన చూడమన్నవారి మాటే నిజమైంది: ఆయిల్‌లో డీజిల్ కలిసింది. ఫిల్టర్‌లోని మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. నావన్నీ చిన్న ట్రిప్పులు కావడంతో అది పూర్తికాకముందే బండి ఆపేస్తున్నాను. కొంత డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి జారుతోంది.

మెకానిక్ ఇంకోటీ పట్టుకున్నాడు. పాత బండికి కొన్న ఆయిల్ మిగిలితే దీనికే పోయించాను (పారేయడం ఎందుకని!). 5డబ్ల్యూ-30 (ఆయిల్ చిక్కదనం గ్రేడ్) అని దాని మీదా, ఈ కారుకు సరైన ఆయిల్ మీదా ఉన్నా, ఆ మిగిలింది తక్కువ బూడిద రకం కాదు. బూడిద మసిలా కాలిపోదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. మాన్యువల్‌లో ఉన్న ఏసీఈఏ సీ3 (తక్కువ బూడిద రకం) ఆయిల్ పోయించి, రీజనరేషన్ (ఫిల్టర్‌లోని మసిని కాల్చడం) చేయించాను. హెడ్ గాస్కెట్, ఇంజెక్టర్లు బాగానే ఉన్నాయి, అవి పాడయ్యాయేమోనన్న టెన్షన్ అనవసరం. రెండు నెలలుగా లెవెల్ కదల్లేదు.