లెక్కల సార్లకు అడవి జంతువుల పైసలా? పాలమూరు, నల్గొండల సీడ్ ఫండ్ పెట్టాల్నా వద్దా

దేవరకొండ పోరడు:
అన్నలూ అక్కలూ, ఒక మాట పెడుతున్న, తిట్టేటోళ్ళు తిట్టండి. పాలమూరు యూనివర్సిటీల, నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీల ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివిన పిల్లలు తర్వాత ఏం చేస్తున్నరు? గ్రూప్స్ కోచింగ్, లేకుంటే హైదరాబాద్ల ఏదో ఇంటర్ కాలేజీల లెక్చరర్, గంతే. మనకేమో 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఉన్నది, మక్తల్ దిక్కు కృష్ణ ఒడ్డున జింకల మందలున్నయి, అడవి పందులైతే చెప్పనే వద్దు. ఇవి ఎన్నున్నయి, ఎటు తిరుగుతున్నయి, పెరుగుతున్నయా తరుగుతున్నయా, ఇదంతా లెక్కల పనే గదా. అందుకే నేనేమంటున్ననంటే ఏటా చిన్న సీడ్ ఫండ్, అంటే పరిశోధన మొదలు పెట్టేటందుకు ఇచ్చే పైసలు, ఒకటి పెట్టాలె, ఒక్కో ప్రాజెక్టుకు మూడు నాలుగు లక్షలు, మ్యాథ్స్ వాళ్ళు జువాలజీ వాళ్ళు కలిసి అప్లై చేస్తేనే ఇయ్యాలె. పెద్ద గ్రాంటుకు పోతే ముందు నీ దగ్గర డేటా ఏమున్నదో చూపెట్టు అంటరు, ఆ మొదటి డేటా తెచ్చుకునేటందుకే చేతిల రూపాయి ఉండదు. మీరేమంటరు?

కంది చేను:
తమ్మీ నాది అచ్చంపేట దిక్కు, పల్లి, కంది వేస్తం. పందులు ఎన్నున్నయో నాకు తెలుసు, మస్తున్నయి. రాత్రంతా మంచె మీద డబ్బాలు కొట్టుకుంట కూసునేటోనికి పోయి "చదరపు కిలోమీటరుకు ఇన్ని" అని చెప్తే ఏమొస్తది? ఆ నాలుగు లక్షలకు సోలార్ ఫెన్సింగ్ ఎన్ని ఎకరాలకు వస్తదో ఆ లెక్క చెయ్యమను మీ ఎమ్మెస్సీ పిల్లల్ని.

పాలమూరు లెక్కల సార్:
కంది చేను గారూ, మీ కోపం న్యాయమే, కానీ పందుల్ని కొట్టడానికి పర్మిషన్ ఇస్తే ఎన్నిటిని కొడితే తగ్గుతాయో ఎవరు చెప్పాలి? అడవి పంది ఒక్క ఈతకే నాలుగు నుంచి ఆరు పిల్లలు పెడుతుంది. చచ్చేవి పోగా ఏడాదికి పెరిగేవాటికంటే తక్కువ కొడితే తుపాకీ ఖర్చు దండగే, వచ్చే పంటకి మళ్ళీ అన్నే ఉంటాయి. అసలు ఎన్ని ఉన్నాయో తెలియకుండా ఈ మాట ఎవరూ చెప్పలేరు.

పులిని గుర్తుపట్టడం సులువు, ఏ రెండిటి చారలూ ఒకలా ఉండవు. అడవిలో కట్టిన కెమెరాలకి మొదటి విడతలో 10 పులులు చిక్కాయి, రెండో విడతలో 8 చిక్కితే అందులో 4 పాతవే అనుకోండి, 10 ఇంటు 8 బై 4, అంటే సుమారు 20. డెన్మార్క్‌లో పీటర్సన్ 1896లో సముద్రం చేపలకి వాడిన లెక్కే ఇది, మన దగ్గర 1990ల్లో కర్ణాటక నాగరహొళె అడవిలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కెమెరాలతో పులులకి దీని మెరుగైన రూపం తెచ్చారు. కానీ పందికి చారలు లేవు కదా, అక్కడే మా సబ్జెక్టు ఇంకా లోతుకు పోతుంది. 2008లో రోక్లిఫ్ అనే శాస్త్రవేత్త టీం ఒక పద్ధతి ఇచ్చింది, గ్యాస్‌లో అణువులు ఒకదాన్ని ఒకటి గుద్దుకునే లెక్క ఉంటుందే, అదే తెచ్చి కెమెరాకి, జంతువుకి పెట్టారు. కెమెరా ముందుకి ఎన్నిసార్లు వచ్చాయి, రోజుకి ఎంత దూరం నడుస్తాయి, కెమెరా ఎంత దూరం ఎంత వెడల్పు చూస్తుంది, ఇవి తెలిస్తే ఎన్ని పందులో వచ్చేస్తుంది. మా డిగ్రీ పిల్లలకి అర్థమయ్యే ఇంటిగ్రేషనే సార్ అది.

స్టాట్స్ అక్క:
సార్, "వచ్చేస్తుంది" అని అంత ఈజీగా అనకండి. ఆ ఫార్ములాలో నడక దూరం కింద హారంలో ఉంటుంది. పంది నిజంగా రోజుకి ఆరు కిలోమీటర్లు తిరుగుతుంటే మీరు మూడు అని వేశారనుకోండి, మీ లెక్కలో పందులు డబుల్ అయిపోతాయి. ఆ దూరం తెలియాలంటే పంది మెడకి ఎటు తిరుగుతుందో చెప్పే కాలర్ కట్టాలి, దానికి ఫారెస్ట్ పర్మిషన్ కావాలి, మత్తిచ్చే డాక్టర్ కావాలి. మూడు లక్షల్లో అయ్యే పనా?

నేను ఫండ్‌కి వ్యతిరేకం కాదు, కానీ లెక్క వేసినంత మాత్రాన నిజం బయటపడదు. 2002లో దేశంలో 3,642 పులులన్నారు, పాదముద్రలు చూసి. 2006 లెక్కలో 1,411 వచ్చింది. అందరూ సగానికి పైగా చచ్చిపోయాయన్నారు, కానీ రెండు పద్ధతులు వేరు, ఆ రెండు నంబర్లని పక్కపక్కన పెట్టడమే తప్పు. 2022కి సగటున 3,682 అంటున్నారు. ఈ కొత్త పద్ధతిలో కూడా కొన్ని చోట్ల ఫొటోలు తీసి, మిగతా చోట్ల పాదముద్రల్లాంటి గుర్తుల్ని బట్టి అంచనా కట్టే భాగం ఉంది, ఆ జోడింపు నమ్మదగ్గది కాదని 2015లోనే ఒక టీం పేపర్ వేసింది, అందులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గణిత ప్రొఫెసర్ కూడా ఉన్నారు. నా దృష్టిలో సీడ్ ఫండ్ ఇలాంటి వాళ్ళకి ఇవ్వాలి, కొత్త నంబర్ పుట్టించేవాళ్ళకి కాదు, ఉన్న నంబర్ ఎంత గట్టిదో చెక్ చేసేవాళ్ళకి. దానికి కాలర్లూ కెమెరాలూ అక్కర్లేదు, ఒక కంప్యూటరు, ఇద్దరు పీహెచ్‌డీ పిల్లలు చాలు.

దేవరకొండ పోరడు:
అక్కా సూపర్ పాయింట్. రాజస్థాన్ సరిస్క టైగర్ రిజర్వ్‌ల కూడ ఇదే గదా అయింది, కాగితం మీద పులులున్నయి, 2005 నాటికి అడవిల ఒక్కటి లేదు.

నల్లమల పెంట నుంచి:
ఇంతసేపు చదివిన, ఎవ్వరు చెంచుల పేరు ఎత్తలే. మా నాయిన రిజర్వ్‌ల వాచర్. కెమెరా ఏ చెట్టుకు కట్టాలె, పులి ఏ బాట పట్టి నీళ్ళకు దిగుతది, ఇది చూపెట్టేది మావోళ్ళు. ఎడమ పక్క చారలు కుడి పక్క చారలు వేరు కాబట్టి ఒక్కో జాగల రెండు కెమెరాలు ఎదురెదురుగ కడతరు, ఎండాకాలంల ఆ బరువు మోసేది, బ్యాటరీలు మార్చేది మావోళ్ళే. పేపర్ల మాత్రం సార్ల పేర్లుంటయి.

నా భయం వేరే ఉన్నది. మీరు రేపు కంప్యూటర్ల మోడల్ కడతరు, అందుల "మనుషుల అలజడి" అని ఒక కాలమ్ పెడతరు, ఊరికి ఎంత దగ్గరుంటే పులి అంత తక్కువ అని గీత గీస్తరు. ఆ గీత పట్టుకొని ఎవరో వచ్చి రిజర్వ్ లోపలి మా ఊర్లు సార్లపల్లి, కుడిచింతలబైలు ఖాళీ చెయ్యుండ్రి, కుటుంబానికి 15 లక్షలిస్తం అంటరు. మేము తేనె తీసుడు, గడ్డలు తవ్వుడు కూడ అలజడే, హైదరాబాద్ శ్రీశైలం రోడ్డు మీద పోయే వేల కార్లు కూడ అలజడే, రెండు ఒక్కటే కాలమ్‌ల వేస్తరా? రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక ఆ రోడ్డు మీది మన్ననూరు గేటు మూస్తరు గని పగలు మాటేంది? 2019ల యురేనియం తవ్వుతమని వచ్చినప్పుడు అడ్డం నిలవడ్డది ఎవరు? అసెంబ్లీ తీర్మానం ఊకెనే రాలే. ఫండ్ పెట్టుకోండి, కాని ఏ ప్రశ్న అడగాలె అనేది డిపార్ట్‌మెంట్ రూముల తేల్చొద్దు, అప్లికేషన్ చూసే కమిటీల మా పెంటల, అంటే చెంచు గూడేల, మనిషి ఉండాలె, ఉత్తగ కూసోబెట్టుడు కాదు, వద్దంటే ఆగాలె.

పాలమూరు లెక్కల సార్:
మీరన్న ఆ కాలమ్ సంగతి వంద శాతం కరెక్ట్, మోడల్‌లో ఏది పెడితే దాన్నే నిందిస్తాం, పెట్టనిదాన్ని వదిలేస్తాం. కానీ కమిటీలో వీటో అంటే యూనివర్సిటీ రూల్స్ ఒప్పుకోవు.

స్టాట్స్ అక్క:
రూల్స్ ఎవరు రాశారు సార్, మనమే కదా. కొత్త ఫండ్ అయితే కొత్త రూల్.

రిటైర్డ్ రేంజర్:
అందరికీ నమస్కారం. రెండు విషయాలు. ఒకటి, రిజర్వ్ లోపల ఫొటోలు, జీపీఎస్ పాయింట్లు ఎవరికీ ఊరికే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా, పులి ఎక్కడ తిరుగుతుందో వేటగాడికి తెలిస్తే అంతే సంగతులు. కాబట్టి మీ పిల్లలు అమ్రాబాద్ పులుల మీద పడకండి, చేతికి డేటా రాక రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ గ్రాంటు మురిగిపోతుంది. రెండోది, మక్తల్ జింకలు. అవి రిజర్వ్ బయట, రైతుల చేలల్లో, అందరికీ కనపడతాయి. తిన్నగా ఒక గీత మీద నడుస్తూ ఎంత దూరంలో ఎన్ని కనపడ్డాయో రాసుకుంటే చాలు, దూరం పెరిగేకొద్దీ ఎన్ని మిస్ అవుతున్నామో లెక్క కట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కృష్ణజింక వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువు, రైతు ముట్టుకుంటే జైలే, పంట పోతే మాత్రం ఏడుపు అతనిది. అక్కడ లెక్క చాలా అవసరం, ఖర్చేమో చెప్పులు అరగడమే.

కంది చేను:
ఈ ముచ్చట జర బాగున్నది. కాని జింకల లెక్క తేలినంక ఏమైతది, నష్టపరిహారం పెరుగుతదా?

రిటైర్డ్ రేంజర్:
దానంతట అదే పెరగదు. ఏ నెలలో ఏ ఊరి మీద పడతాయో కాగితం మీద ఉంటే అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది, అంతవరకే.

సంఖ్యాశాస్త్రం వద్దు:
ఎందుకండీ ఇదంతా, లెక్కల వాళ్ళకి కేంద్రం నుంచి మ్యాట్రిక్స్ గ్రాంటు ఉండనే ఉంది, ఏడాదికి 2 లక్షల చొప్పున మూడేళ్ళు. అది తెచ్చుకోలేనివాళ్ళకి ఇంకోటి ఎందుకు.

దేవరకొండ పోరడు:
అన్నా ఆ గ్రాంటుకు పందుల ప్రాజెక్టు రాసి పంపు, లెక్కలోళ్ళేమో ఇది బయాలజీ అంటరు, బయాలజీ వాళ్ళ దగ్గరికి పోతే ఇవి లెక్కలు అంటరు, మధ్యల పిల్లగాడు ఆగమైతడు. కలిసి రాసేటోళ్ళకు వేరేగ కొంచెం పైసలు అని అందుకే అంటున్న. రేంజర్ సార్ చెప్పినట్టు జింకలతోని మొదలు పెడదం, పెంటన్న అడిగిన కమిటీ సీటు రూల్‌లనే రాద్దం, అక్క చెప్పిన చెకింగ్ పని ఒక ప్రాజెక్టు.

నల్లమల పెంట నుంచి:
జింకల మీద కమిటీల మేమెందుకు తమ్మీ, మక్తల్ రైతును కూసోబెట్టు. మేమడిగింది అడవి లోపలి ముచ్చట. అది వచ్చే ఏడు చూద్దమని పక్కన పెట్టుడు మాకు అలవాటే.

సంఖ్యాశాస్త్రం వద్దు:
నేను చెప్పింది మారలేదు. నాలుగు లక్షలకు నాలుగు పేపర్లు వస్తాయి, జింకలు మేస్తూనే ఉంటాయి.

కంది చేను:
పేపర్లు రానీయి అన్నా, నా చేను కాడ కెమెరా కట్టుకోండి నాకేం అభ్యంతరం లేదు. కాని రాత్రి దాన్ని పంది గుద్ది పలగ్గొడితే ఆ పైసలు నన్ను కట్టుమనొద్దు, ముందే చెప్తున్న.