రేకుల షెడ్డులో పాత పద్మిని కారు: నిప్పు అంటుకోకుండా ఏమి చేయాలి?

ప్రశ్న (నల్గొండ):
మా నాన్నగారి 1982 నాటి ప్రీమియర్ పద్మినిని ఇంటి వెనుక రేకుల షెడ్డులో నేనే బాగుచేస్తున్నాను. వెల్డింగు, ఇంటి చెక్క తలుపుల పాలిష్ కూడా అక్కడే. బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన వస్తోంది. షెడ్డుకూ వంటింటికీ మధ్య ఒక్క గోడే. మంటలార్పే సిలిండర్ ఒకటి కొని తగిలిస్తే సరిపోతుందా?

జవాబు (మహబూబ్‌నగర్, ఆటో ఎలక్ట్రీషియన్):
తమ్ముడూ, సిలిండర్ సంగతి తరువాత. వాసన వస్తోందంటే ముందు బండి స్టార్ట్ చేయడం ఆపండి. పంపు నుంచి కార్బురేటర్‌కు వెళ్లే రబ్బరు పైపును వంచి చూడండి. పగుళ్లున్నా, మెత్తగా ఉబ్బినా మార్చాల్సిందే. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆనాటి రబ్బరు దానికి తట్టుకోదు. పైపు మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 (పెట్రోలు పైపుల నాణ్యతా ప్రమాణం) అని అచ్చు ఉన్నది అడిగి తీసుకోండి. పంపులోని డయాఫ్రమ్‌ను (పెట్రోలును తోసే పల్చటి పొర) కూడా చూడకుండా వదలవద్దు.

వైరింగు నా పని కాబట్టి గట్టిగా చెబుతున్నాను: కాలిన ఫ్యూజు చోట ఎవరైనా రాగి తీగ చుట్టి ఉంటే ఈ రోజే తీసేయండి. తరువాత బిగించిన స్టీరియో, హారన్ల తీగలకు ఫ్యూజు ఉందో లేదో వెతకండి. అది లేకపోతే, తీగ తోలు ఊడి బండి రేకుకు తగిలిన రోజున తీగంతా ఎర్రగా కాలుతుంది. బ్యాటరీకి కటాఫ్ స్విచ్చి పెట్టించి, షెడ్డు మూసేటప్పుడు ఆపేయండి.

జవాబు (దేవరకొండ, వడ్రంగి):
పాలిష్ అన్నారు కదా, అవిసె నూనె అద్దిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడికి దారి దొరకక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. ఆరుబయట ఒక్కొక్కటిగా పరచండి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
పైపు నిజంగానే పగిలింది. ఈ రోజే మారుస్తాను. బండి కింద పని చేయడానికి గుంత కూడా తవ్వించాను, ఫరవాలేదా?

జవాబు (మహబూబ్‌నగర్):
గుంత ఉందని ముందే చెప్పాల్సింది! పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేరుగా అందులోకి దిగి నిలుస్తుంది. సున్నాకు 40 డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరి వస్తుంది. మన మే నెల ఎండల్లో ఎంత వస్తుందో ఊహించండి. పైపు విప్పే ముందు బండిని ఆరుబయటికి నెట్టండి. వెల్డింగు చేసే రోజు బండి షెడ్డులో ఉండకూడదు. ట్యాంకుకు మాత్రం ఇంట్లో వెల్డింగు వద్దు, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది.

సిలిండర్ ఐఎస్‌ఐ గుర్తున్న ఏబీసీ పౌడర్‌ది (చెక్క, పెట్రోలు, గ్యాసు మంటలకు పనికొచ్చేది) కొనండి. మంట దాటి వెళ్లాల్సిన చోట కాకుండా తలుపు పక్కన తగిలించండి. బానెట్ కింద మంట వస్తే పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి ఎగదన్నుతుంది, సందులోంచే కొట్టండి. లొంగకపోతే బండిని వదిలేసి, ఇంట్లోవాళ్లను బయటికి పంపి, 101కు ఫోను చేయండి.