ఇంగ్లీష్ సార్ట్‌కి "రకం" అనే అర్థం ఎలా వచ్చింది?

నమస్తే అండి, మాది ఒడిశా పర్లాకిమిడి. ఇంటి దగ్గర తొమ్మిదో క్లాసు పిల్లలకి ఇంగ్లీష్ చెప్తుంటాను, సగం తెలుగోళ్ళు సగం ఒడియా వాళ్ళు. రకం అని చెప్పే ఇంగ్లీష్ మాటలన్నీ చార్ట్ మీద రాసి పక్క గడిలో పుట్టుక రాయిస్తున్నా. కైండ్ అంటే పాత ఇంగ్లీష్‌లో పుట్టుక, స్వభావం, కిన్‌కి చుట్టమే. జానర్, జెండర్ రెండూ లాటిన్ జీనస్ నుంచే. టైప్ గ్రీకు మాట, దెబ్బ, దెబ్బకి పడే ముద్ర అని. కేటగిరీ అయితే భలే ఉంది, గ్రీకులో ముందు నలుగురిలో నేరం మోపడం అట, తర్వాత అరిస్టాటిల్ ఒకదాని గురించి ఏమేం చెప్పొచ్చో ఆ తరగతులకి వాడాడు, నేరం మోపడమన్నా ఒకరి గురించి ఇదీ అని చెప్పడమే కాబట్టి పిల్లలకి వెంటనే ఎక్కింది.

సార్ట్ దగ్గరే ఆగిపోయాం. డిక్షనరీలో లాటిన్ మాట సోర్స్ (sors) అంటే చీట్లేసి తీసే చీటీ, వంతు, తలరాత అని ఉంది, వెంటనే పాత ఫ్రెంచ్‌లో వర్గం, రకం అని ఉంది, మధ్యలో ఏం జరిగిందో లేదు. నెట్‌లో ఎటిమాలజీ సైట్లు చూశా, అక్కడా అవే రెండు ముక్కలు. తెలిసిన ఇంగ్లీష్ లెక్చరర్‌ గారు వంతు నుంచి వాటా, వాటా నుంచి గుంపు అయ్యుంటుందన్నారు, వినడానికి బానే ఉంది కానీ ఊహని చార్ట్ మీద రాయించడం నాకిష్టం లేదు. ఒక పాప ఆ గడిలో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది.

లాటిన్ గానీ పాత ఫ్రెంచ్ గానీ చదివినవాళ్ళు చెప్పండి, చీటీ, వంతు అనే అర్థం రకంగా మారడానికి మధ్యలో ఆ మాటని ఏ అర్థంలో వాడారు?