వృద్ధాశ్రమంలో విరేచనాలు: ఆపే మాత్ర వెంటనే వేయొచ్చా?

గుంటూరు నర్సు:
మా ఆశ్రమంలో ఎవరికైనా రెండుసార్లు నీళ్ల విరేచనం అయితే చాలు, రాత్రి డ్యూటీ ఆయా విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర వేసేస్తోంది. నాకిది నచ్చడం లేదు. జ్వరం ఉన్నా, రక్తం పడినా ఆ మాత్ర వేయకూడదు. పేగు కదలిక తగ్గితే బయటికి పోవాల్సింది లోపలే ఉండిపోతుంది. మీరేమంటారు?

ఆశ్రమం నడిపేవాణ్ణి:
మేడమ్, రాత్రి 30 మందికి ఒక్క ఆయా. తడి పక్కమీదే పడుకుంటే తెల్లారేసరికి పెద్దావిడకి పిరుదుల దగ్గర తోలు ఒరుసుకుపోతుంది. పుండు పడితే మానడానికి నెలలు. మాత్ర మా సుఖం కోసం వేయట్లేదండీ.

గుంటూరు నర్సు:
తోలు సంగతి నిజమే సార్. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీము రాయాలి. కానీ కారణం తెలీకుండా మాత్రేంటి? మా మామ్మగారొకరికి రోజూ కొంచెం కొంచెం నీళ్లలా కారేది. అందరూ విరేచనాలనుకున్నారు. డాక్టరుగారు వేలితో పరీక్షిస్తే లోపల రాయిలా గట్టిపడిన మలం! దాని పక్కనుంచి కారుతోందన్నమాట. మాత్ర వేసినకొద్దీ ఇంకా బిగుసుకుంది. అందుకే ముందు చార్టు చూడండి: చివరిసారి మామూలుగా ఎప్పుడెళ్లారు, కొత్తగా యాంటీబయాటిక్ మొదలెట్టారా, షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ డోసు పెంచారా, సుఖవిరేచనం మందు ఇంకా నడుస్తోందా.

అమ్మ ఆశ్రమంలో ఉన్న కూతురు:
మా అమ్మకి అక్కడ ‘లంఖణం పరమౌషధం’ అని పొద్దుటి నుంచి ఏమీ పెట్టలేదు. ఫోన్లో గొంతే రావట్లేదు. ఇది సరైనదేనా?

మందుల షాపు ఫార్మసిస్టు:
కాదమ్మా. ఈ వయసులో ఒళ్లు ఎండిపోతున్నా దాహం తెలీదు. లీటరు నీళ్లకి పట్టే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలిపి, చెంచాతోనైనా కొద్దికొద్దిగా తాగించాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత ఇవ్వాలో డాక్టరునడగండి. బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర ఆరోజు ఆపాలా అని తప్పకుండా అడగండి. మగతగా ఉన్నా, ఒంటేలు తగ్గినా ఆసుపత్రికే. ఇంకొకటి, శానిటైజర్‌ని నమ్ముకోకండి. యాంటీబయాటిక్ తర్వాత విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా దానికి చావదు. సబ్బు, నీళ్లే. తగ్గాక కూడా 48 గంటలు వేరే బాత్రూమ్ ఇవ్వాలి.

ఆశ్రమం నడిపేవాణ్ణి:
సరేనండీ, డాక్టరుగారికి ఫోన్ చేయకుండా ఆ మాత్ర వేయనివ్వను. మరి రాత్రి గంటగంటకీ తాగించేదెవరు? రెండో ఆయా జీతం ఎక్కణ్ణించి తేవాలి?

అమ్మ ఆశ్రమంలో ఉన్న కూతురు:
ఫీజు పెంచండి, మనిషిని పెట్టండి. మా ఆశ్రమంలోనూ నేను ఇదే అడుగుతాను.